యాప్ ఆ లోయ్: ఊరు కట్టినవాడా, నల్లమందు గుత్తేదారా?

పెటాలింగ్_ప్రసాదు
ఉద్యోగరీత్యా కౌలాలంపూర్‌లో ఉంటున్నా. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆఫీసులో ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు. చైనీస్ అతను "ఈ ఊరు కట్టింది మా యాప్ ఆ లోయ్" అంటాడు. మలయ్ అతనేమో "పునాది వేసింది రాజా అబ్దుల్లా, మీవాడు తర్వాత కూలికొచ్చినవాడు" అంటాడు. చివరికి ఇద్దరూ నా మీద పడ్డారు, నువ్వు చెప్పు నువ్వు చెప్పు అని. నాకేం తెలుసు?

ఆయన పేరు మీద లెబూ పుడు దగ్గర ఒక సందు ఉంది. ఫోన్‌లో ఫొటో తీసేలోపే అయిపోయింది, అంత చిన్నది. నిజంగా ఊరు కట్టినవాడైతే ఆ పాటి సందేనా ఇచ్చేది? పైగా "కపితాన్ చైనా" అని బిరుదు. కపితాన్ అంటే సైన్యంలో కెప్టెనా? బ్రిటిష్ వాళ్లు పెట్టుకున్న మనిషా? వికీ లింకులు పడేయకండి, అది నేనూ చదివా.

తెనాలి_కిట్టు
సందు చిన్నదైతే మనిషి చిన్నవాడా? మా ఊళ్ళో వార్డు మెంబరు పేరు మీద నాలుగు లైన్ల రోడ్డుంది.

పాతకాగితాలు
మీ ఆఫీసులో ఇద్దరూ సగం సగం కరెక్టే.

1857లో, అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలే సెలంగోర్ రాజకుటుంబానికి చెందిన రాజా అబ్దుల్లా, తగరం గనుల ఊరు లుకుత్‌లో ఉన్న రాజా జుమాత్‌తో కలిసి మలక్కా చైనీస్ వ్యాపారుల దగ్గర 30,000 డాలర్లు అప్పు తెచ్చాడు. 87 మంది చైనీస్ కూలీలను క్లాంగ్ నది మీదుగా పైకి పంపాడు. గోంబాక్, క్లాంగ్ నదులు కలిసేచోట దిగి, అక్కణ్ణించి అడవిలో నడిచి అంపాంగ్‌లో తగరం కోసం తవ్వారు. నెల తిరిగేసరికి మిగిలింది 18 మంది అంటారు. మలేరియా. మళ్ళీ కొత్త జట్టును పంపారు. తగరం పడింది. పడవలు ఆగే ఆ రేవు దగ్గర నాలుగు దుకాణాలు లేచాయి. అదీ కౌలాలంపూర్.

అప్పటికి యాప్ ఆ లోయ్ అక్కడ లేనే లేడు. 1862లో వచ్చాడు. అతను మూడో కపితాన్. మొదటివాడు హియు సియూ, రెండోవాడు లియు న్గిమ్ కోంగ్.

కపితాన్ అంటే సైనిక పదవి కాదు. చైనీయుల పేటకు పెద్ద. తగాదాలు తీర్చాలి, పన్నులు వసూలు చేయాలి, పైవాళ్ళకు జవాబు చెప్పాలి. డచ్చివాళ్ళు బటావియాలో (ఇప్పటి జకార్తా) 1619లోనే సో బెంగ్ కాంగ్ అనే అతన్ని అలా పెట్టుకున్నారు. మలయ్ సుల్తాన్లూ అదే పద్ధతి పాటించారు. కాబట్టి బ్రిటిష్ వాళ్లు కనిపెట్టింది కాదు, వాళ్లొచ్చేసరికే ఉంది.

లష్కర్_యాదన్న
87ల 18 మంది మిగిలిండ్రా. మిగిలినోళ్ల పేర్లు ఏ సందుకు పెట్టిండ్రో మరి.

పాతకాగితాలు
పేర్లే నమోదు కాలేదు యాదన్నా.

పెటాలింగ్_ప్రసాదు
సరే, ఈయన ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు? డబ్బున్న కుటుంబమా?

పాతకాగితాలు
ఏమీ లేదు. 1837లో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం హుయిజౌ ప్రాంతంలో పుట్టాడు. హక్కా జాతి, అంటే చైనీయుల్లోనే వేరే మాండలికం మాట్లాడే ఒక వర్గం. 1854లో మలక్కాలో దిగాడు. గనిలో కొన్నాళ్ళు, బంధువు కొట్లో కొన్నాళ్ళు పనిచేశాడు. ఇతను పనికిరాడనుకుని బంధువులు చైనాకు తిరిగి పంపించేద్దామని సింగపూర్‌దాకా చేర్చారట. ఓడ ఎక్కేలోపు దారిఖర్చుల డబ్బు జూదంలో పోగొట్టుకున్నాడని కథ. ఇంటికెళ్ళే మొహం లేక లుకుత్ వెళ్ళి గనిలో వంటవాడుగా చేరాడు. తర్వాత పందుల వ్యాపారం. పందుల్ని గనులకు అమ్మి బదులుగా తగరం తీసుకునేవాడు.

ఆపైన సుంగై ఉజోంగ్‌లో, ఇప్పటి సెరెంబాన్, అక్కడి కపితాన్ షెంగ్ మింగ్ లీ దగ్గర అంగరక్షకుల్లో చేరాడు. 1860లో గొడవల్లో షెంగ్‌ను చంపేశారు. 1861లో ఇతనే అక్కడ కపితాన్ అయ్యాడు. మరుసటి ఏడాది లియు న్గిమ్ కోంగ్ పిలిస్తే కౌలాలంపూర్ వచ్చాడు, అతని గనుల పెత్తనం చూడ్డానికి. 1868లో లియు పోయాడు. ఇతను కపితాన్. అప్పటికి వయసు 31.

తెనాలి_కిట్టు
జూదంలో పోగొట్టుకుని, తర్వాత ఊళ్ళో జూదపు శాలలన్నీ తనవే చేసుకున్నాడన్నమాట. కసి అంటే అదీ.

సరోజక్క
ఆయన గుడి చూశాను నేను. సిన్ సే సీ యా గుడి, లెబూ పుడు దగ్గరే. రెండు భవనాల మధ్య ఇరుక్కుని ఉంటుంది, వాకిలి కనిపెట్టడానికే రెండుసార్లు తిరిగాం. 1864లో పెట్టిందని అక్కడ చెప్పారు. లోపల ఇద్దరు ప్రధాన దేవుళ్ళు. అందులో ఒకరు ఇందాక పాతకాగితాలు గారు చెప్పిన షెంగ్ మింగ్ లీ గారే! చంపినప్పుడు ఎర్ర రక్తం కాకుండా తెల్ల రక్తం కారిందట, అందుకని దేవుడయ్యాడట. రెండో ఆయన యాప్ సే. సెరెంబాన్‌లో కపితాన్ పదవి తనకు వస్తే వద్దని ఆ లోయ్‌కి ఇప్పించినవాడట. యాప్ ఆ లోయ్ పటం కూడా ఉంది, చైనా దొరతనం దుస్తుల్లో, టోపీతో.

మన పల్లెల్లో పోట్లాటలో చచ్చినవాడికి వీరగల్లు నిలిపి కొబ్బరికాయ కొట్టరూ, నాకు అదే గుర్తొచ్చింది.

లష్కర్_యాదన్న
అక్కా, తన పాత బాసును దేవుణ్ణి జేసి, ఆ గుడికి తనే ధర్మకర్త. రాజకీయం ఎక్కడైనా ఒక్కటే.

సరోజక్క
భక్తి కూడా ఉండొచ్చుగా బాబూ. అన్నిటికీ రాజకీయమేనా.

అచ్చన్న_బాగన్
నేను ఇక్కడే పుట్టిన తెలుగువాణ్ణి, నాలుగో తరం. మా తెలుగులో తేడాలుంటే క్షమించాలి.

ఇక్కడ ఈ విషయం సున్నితం. పాఠ్యపుస్తకాల్లో యాప్ ఆ లోయ్‌కి ఎంత చోటివ్వాలి అని ఎప్పుడూ తగువే. మా తరం బడిలో బాగానే చదివాం, మా పిల్లల పుస్తకంలో బాగా తగ్గించారని చైనీస్ తల్లిదండ్రులు బాధపడతారు. రాజా అబ్దుల్లా అనేవారున్నారు. అంతకంటే ముందే సుమత్రా నుంచి వచ్చిన మండైలింగ్ వర్తకుడు సుతాన్ పువాసా ఇక్కడ స్థిరపడ్డాడని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. ప్రసాదు గారూ, భోజనాల దగ్గర మీరు మాట్లాడకుండా ఉండటమే మేలు.

పెటాలింగ్_ప్రసాదు
మాట్లాడలేదండీ బాబూ. నాసి లెమాక్‌లో వేరుశెనగలు లెక్కపెట్టుకున్నా.

క్లాంగ్_రేవు
ఎవరు ముందొచ్చారన్నది కాదు, ఎవరు నిలబెట్టారన్నది చూడాలి. 1872లో ఊరు మొత్తం తగలబడిపోయింది. అప్పుడు మళ్ళీ లేపింది ఎవరు? రాజా అబ్దుల్లానా? ఆయన అప్పటికే పోయాడు.

తెనాలి_కిట్టు
తగలబెట్టింది ఎవరు? అది కూడా చెప్పు గురూ.

పాతకాగితాలు
అది పెద్ద కథ, కుదించి చెప్తా.

1867 నుంచి 1874 దాకా సెలంగోర్‌లో రాచకుటుంబంలో అంతర్యుద్ధం. క్లాంగ్ రేవు దగ్గర తగరం మీద సుంకం ఎవరు వసూలు చేయాలన్నదే అసలు గొడవ. ఒకవైపు రాజా మహ్దీ, ఇంకోవైపు సుల్తాన్ అబ్దుల్ సమద్ అల్లుడు తెంకు కుదిన్. చైనీస్ గని కూలీలు కూడా రెండుగా చీలారు. యాప్ ఆ లోయ్ వెనుక హుయిజౌ హక్కాలు, హై సాన్ రహస్య సంఘం. అవతల కాయింగ్ హక్కాలు, వాళ్ళ నాయకుడు చోంగ్ చోంగ్. లియు పోయాక కపితాన్ పదవి తమకు రాలేదన్న మంట వాళ్ళది. యాప్ ఆ లోయ్ కుదిన్ వైపు నిలబడ్డాడు. చోంగ్ చోంగ్ వెళ్ళి మహ్దీ తరఫు సేనాని సయ్యద్ మష్హోర్‌తో కలిశాడు.

కుదిన్ కౌలాలంపూర్ కాపలాకు వాన్ హేగన్ అనే యూరోపియన్ను పెట్టాడు, కింద కూలికి తెచ్చిన సిపాయిలు. 1872లో ముట్టడి. వీళ్ళు రాత్రికి రాత్రి తప్పించుకోబోయి పెటాలింగ్ దగ్గర దొరికిపోయారు. వాన్ హేగన్‌ను చంపేశారు. యాప్ ఆ లోయ్ ఎలాగో క్లాంగ్ చేరాడు. అతని మనుషులు చాలామంది దార్లోనే పోయారు. ఊరు బూడిద.

1873లో పహాంగ్ సేనల సాయంతో తిరిగి పట్టుకున్నారు. వచ్చి చూస్తే గనుల నిండా నీళ్ళు, ఇళ్ళు లేవు, కూలీలు లేరు. వేరేవాడైతే మలక్కా వెళ్ళి కొట్టు పెట్టుకునేవాడు. ఇతను మళ్ళీ అప్పు చేసి, చైనా నుంచి మళ్ళీ కూలీలను తెప్పించాడు.

ఇక్కడ క్లాంగ్_రేవు మాట ఒప్పుకోవాల్సిందే. తర్వాత బ్రిటిష్ రెసిడెంటుగా (సుల్తాను దగ్గర వాళ్ళు పెట్టిన అధికారి) వచ్చిన స్వెటెన్‌హామ్ కూడా ఈ మనిషి పట్టుదల వల్లే చైనీయులు ఊరొదిలి పోలేదన్న అర్థంలో రాశాడు. అదే స్వెటెన్‌హామ్ అతని మార్కెట్‌నీ భూముల్నీ లాక్కోవడానికి చూశాడు, అది వేరే సంగతి, తర్వాత చెప్తా.

బెజవాడ_బుల్లోడు
సినిమా తీయొచ్చు దీన్ని. జూదం, పందులు, యుద్ధం, దేవుడైపోయిన బాసు. ఇంటర్వెల్ బ్యాంగ్ 1872.

వేదిక_కాపలా
సినిమా హీరోలెవరో చెప్పడం మొదలుపెట్టకండి. పోయినసారి బటావియా టాపిక్ అలాగే చచ్చింది.

లోహాల_లెక్క
నేను లోహాల కొనుగోళ్ళలో పనిచేస్తా కాబట్టి నా కోణం వేరు. యుద్ధం కాదు, ఇతన్ని నిజంగా ముంచబోయింది తగరం ధర.

ఆ గనుల లెక్క ఇలా ఉండేది. మలక్కా, సింగపూర్ వ్యాపారి గని యజమానికి పెట్టుబడి పెడతాడు. ఇచ్చేది నగదు తక్కువ, సరుకు ఎక్కువ. బియ్యం, నూనె, ఎండు చేప, పొగాకు, నల్లమందు. యజమాని దాన్ని ధర పెంచి కూలీలకు అప్పుగా ఇస్తాడు. కూలీకి నెలకింత జీతం చేతికి రాదు. తగరం తీసి, కరిగించి, అమ్మినప్పుడు లెక్క చూస్తారు. తిన్న బియ్యం, పీల్చిన నల్లమందు, ఓడ ఖర్చు అన్నీ కోసేస్తే చాలామందికి మిగిలేది సున్నా. కొందరికి ఇంకా బాకీయే. మళ్ళీ ఏడాది.

తెచ్చిన తగరం నదిలో పడవల మీద క్లాంగ్ చేరాలి. ఎదురు ప్రయాణం గెడ వేసుకుంటూ మూడు రోజులు. బియ్యం ఆగితే గని ఆగుతుంది. అందుకే యుద్ధంలో అందరూ నది కోసం కొట్టుకున్నారు.

యాప్ ఆ లోయ్ 1873 తర్వాత తల తాకట్టు పెట్టినంత అప్పు చేశాడు. సరిగ్గా అప్పుడే ధర పడటం మొదలైంది, ఏళ్ళ తరబడి లేవలేదు. అప్పులవాళ్ళు సింగపూర్ నుంచి ఒత్తిడి. గవర్నమెంటు దగ్గర కూడా అప్పు తీసుకున్నాడు. 1879లో ధర లేచింది, మనిషి బతికాడు. అది ఇంకో రెండేళ్ళు ఆలస్యమైతే ఈ టాపిక్ ఉండేది కాదు.

క్లాంగ్_రేవు
అదృష్టం అంటావా?

లోహాల_లెక్క
అదృష్టమే. కాకపోతే ధర లేచేదాకా అప్పులవాళ్ళ ముందు నిలబడగలగడం ఒక విద్య.

లష్కర్_యాదన్న
నల్లమందు ముచ్చట జారిపోనియ్యకుండ్రి. లోహాల_లెక్క అన్న ఒక్క ముక్కల చెప్పి దాటేసిండు.

నల్లమందు, సారా, జూదం, కుదువ కొట్లు, ఇవన్నీ ప్రభుత్వం గుత్తకిచ్చేది. ఎవడు ఎక్కువ పాడితే వానికి. మన దగ్గర సారా వేలంపాట చూసినోళ్లకు దీన్ని విప్పి చెప్పే పనిలేదు. పాట పాడినోడు ప్రభుత్వానికి ముందే కడ్తడు, ఆ పైసలు జనం కాడ్నుంచి గుంజుతడు, ఎంత తాగిస్తే అంత లాభం. కపితాన్ గారు అటు కూలీలకు పెద్దదిక్కు, ఇటు వాళ్లకు నల్లమందు అమ్మే గుత్తేదారు. మావోడు మా కోసం నిలబడ్డడు అని వాళ్లు దండం పెడ్తరు. నిలబడ్డడు, గల్లాపెట్టె పక్కన.

1992ల దూబగుంట ఆడోళ్లు సారా పాటను ఆపిండ్రు. ఆ గనులకాడ ఆడోళ్లే లేకపాయె.

సరోజక్క
ఆ మాట నిజమే. గనుల్లో దాదాపు అందరూ మగవాళ్ళే. వేశ్యాగృహాల ఆదాయం కూడా ఊరి పెద్దలదే అని చదివాను. నాకు ఆ గుడిలో పటం చూసినప్పుడు ఈ సంగతులేవీ తెలియవు.

కానీ యాదన్నా, మొత్తం అదే అనకు. జబ్బుపడ్డ కూలీలకు ఆశ్రయం పెట్టాడు. 1884లో చైనీస్ పిల్లలకు బడి పెట్టాడు. 1879లో సెలంగోర్ వచ్చిన ఇసబెల్లా బర్డ్ అనే ఇంగ్లీషు యాత్రికురాలు అతని గురించి మెచ్చుకుంటూనే రాసింది. గనుల దాకా రోడ్లు వేశాడని, న్యాయం సరిగ్గా చూస్తాడని, గనుల్లో ఇటుక బట్టీల్లో తోటల్లో కలిపి నాలుగు వేల మందికి పైగా పని ఇచ్చాడని.

లష్కర్_యాదన్న
అక్కా, ఆమె దొరల బంగళాలల్ల దిగిన మనిషి. ఆ నాలుగు వేల మందిల ఒక్కన్నన్న అడిగిందా?

పాతకాగితాలు
"న్యాయం" సంగతి వచ్చింది కాబట్టి. దొంగతనానికి మొదటిసారి దొరికితే ఆ సొత్తును వీపున కట్టి బజారంతా తిప్పేవారట. రెండోసారి చెవి కోయడం. మూడోసారి చావు. ఊరి మొత్తానికి పోలీసులు ఆరుగురే, అరవై మంది పట్టే జైలు ఒకటి, అన్నీ అతని సొంత ఖర్చు. ఇవి తర్వాతి తరాలవాళ్ళు చెప్పుకున్నవి, కొంత ఉప్పూకారం కలిసి ఉంటాయి. అయితే తీర్పు చెప్పేవాడూ, అప్పిచ్చినవాడూ, జీతమివ్వాల్సినవాడూ ఒకడే అన్నది మాత్రం గట్టి నిజం. కూలీ తన యజమాని మీద ఫిర్యాదు చేయాలంటే యజమాని దగ్గరికే వెళ్ళాలి.

తెనాలి_కిట్టు
ఇప్పటి హెచ్చార్ డిపార్ట్‌మెంట్ కూడా అంతేగా.

బెజవాడ_బుల్లోడు
చెవి కోయరు కదా బ్రో. అప్రైజల్‌లో కోస్తారు.

అచ్చన్న_బాగన్
యాదన్న గారి మాటకు ఒకటి కలుపుతాను. మా ముత్తాత విశాఖ జిల్లా నుంచి వచ్చారు, లోయర్ పెరాక్‌లో బాగన్ దతో వైపు కొబ్బరి తోటలకు. తీసుకొచ్చింది కంగాణీ. కంగాణీ అంటే అదే ఊరివాడు, అదే కులంవాడు, మన భాషే. టికెట్టు అతనే కట్టాడు. తోటలో మేస్త్రీ అతనే. జీతం అతని చేతి మీదుగా. ఇంట్లో గొడవైతే తీర్చేది అతనే. మా ముత్తాత అతన్ని చివరిదాకా "బాబుగారు" అనేవారట, తిట్టేవారు కూడా. రెండూ ఒకే నోటితో. మా నానమ్మ చెప్పేది, కంగాణీ పోయినరోజు ముత్తాత భోజనం చేయలేదని. బాకీ మాత్రం అప్పటికింకా తీరలేదు.

కాబట్టి ఆ చైనీస్ కూలీలు దండం పెట్టారంటే నేను ఎగతాళి చేయలేను. మలేరియా వచ్చిన అడవిలో మన భాషలో పలకరించేవాడు ఒక్కడే ఉంటే, వాడు దోచుకునేవాడైనా వాడి దగ్గరికే వెళ్తాం.

లష్కర్_యాదన్న
అచ్చన్న గారూ, నేను కూలీలను ఎగతాళి జేస్తలేను. పటం కింద రాసేటోళ్లను అంటున్న.

సరోజక్క
అచ్చన్న గారూ, కంగాణీల గురించి వేరే టాపిక్ పెట్టండి దయచేసి. ఇది ఇక్కడ ఒక పోస్టుతో పోయేది కాదు.

క్లాంగ్_రేవు
మీరంతా ఇప్పటి కళ్ళతో చూస్తున్నారు. అప్పట్లో నల్లమందు చట్టబద్ధం. అమ్మకుంటే ఇంకొకడు అమ్మేవాడు. ఆ డబ్బుతోనే బ్రిటిష్ సర్కారు నడిచింది. సింగపూర్ ఖజానాలో పెద్ద వాటా నల్లమందు గుత్తదే. ఒక్క చైనీస్ వ్యాపారినే బోనులో నిలబెడతారేం?

లష్కర్_యాదన్న
సర్కారును కూడ నిలబెట్టు, ఎవరొద్దన్నరు? బోను పెద్దదే.

పెటాలింగ్_ప్రసాదు
బ్రిటిష్ వాళ్ల సంగతి ఇంకా రాలేదు. నా మొదటి ప్రశ్నే అది. వాళ్ల మనిషేనా, కాదా?

పాతకాగితాలు
ఇందాక బాకీ పెట్టిన భాగం ఇదే.

1874లో సెలంగోర్‌కి బ్రిటిష్ రెసిడెంటు వచ్చాడు, పేరుకు సుల్తానుకు సలహాదారు. కొన్నేళ్ళు వాళ్ళు క్లాంగ్‌లో కూర్చున్నారు. లోపల కౌలాలంపూర్ మొత్తం యాప్ ఆ లోయ్ చేతిలోనే. 1877లో రాష్ట్ర కౌన్సిల్ పెట్టినప్పుడు అందులో అతన్నీ కూర్చోబెట్టారు. వాళ్ళకు అతను కావాలి, ఎందుకంటే వాళ్ళ దగ్గర ఆ భాష మాట్లాడే మనిషి గానీ, అడవిలో పన్ను వసూలు చేసే యంత్రాంగం గానీ లేదు. అతనికి వాళ్ళు కావాలి, ఎందుకంటే ఇంకో యుద్ధం వస్తే కట్టుకోలేడు.

1880లో రాజధాని క్లాంగ్ నుంచి కౌలాలంపూర్‌కి మారింది. రెసిడెంటు నదికి పడమటి ఒడ్డున గుట్ట మీద బంగళా వేసుకున్నాడు. తూర్పు ఒడ్డున చైనీస్ పేట. అక్కడ మార్కెట్టు, జూదపు శాలలు, భూమి చాలావరకు కపితాన్‌వి. ఇప్పటి మెదాన్ పసార్ అదే. పక్కనే పెటాలింగ్ వీధిలో అతని కర్రపెండలం మిల్లు.

ఇప్పుడు మెలిక. కాగితం లేదు. అతను అడవి కొట్టించాడు, యుద్ధం చేశాడు, ఊరు లేపాడు, కాబట్టి నాదే అంటాడు. కొత్త ప్రభుత్వం వచ్చి పట్టా ఏదీ, శిస్తు ఏదీ అంటుంది. 1881 జనవరిలో అగ్నిప్రమాదం, అదే ఏడాది చివర్లో వరద. తాటాకు కప్పుల ఊరు మళ్ళీ పోయింది. 1882లో స్వెటెన్‌హామ్ రెసిడెంటుగా వచ్చాడు. మార్కెట్టు కంపు అన్నాడు, వీధులు ఇరుకు అన్నాడు, ఇకమీద ఇటుక గోడ, పెంకు కప్పు ఉండాల్సిందే అన్నాడు. ఆ ఇటుకలు కాల్చిన చోటే బ్రిక్‌ఫీల్డ్స్.

తెనాలి_కిట్టు
ఆగాగు. మన ఇడ్లీ దొరికే బ్రిక్‌ఫీల్డ్సా?

పాతకాగితాలు
అదే. తర్వాత రైల్వేవాళ్ళు అక్కడే డిపో పెట్టుకోవడం, రైల్వే పనికి భారతీయులు రావడం, అలా అది "లిటిల్ ఇండియా" అయింది. నువ్వు తినే ఇడ్లీకి ముందు అక్కడ చైనీస్ బట్టీలు.

అసలు సంగతికొస్తే, ఇటుకలతో కట్టే ఊళ్ళో కపితాన్ అవసరం తగ్గిపోయింది. పోలీసు ప్రభుత్వానిది, కోర్టు ప్రభుత్వానిది, శిస్తు ప్రభుత్వానిది. 1885 ఏప్రిల్ 15న పోయాడు, 48 ఏళ్ళకు. క్లాంగ్ వైపు రైలు 1886లో వచ్చింది, అది చూడలేదు. అతని తర్వాత యాప్ ఆ షాక్, ఆ తర్వాత యాప్ క్వాన్ సెంగ్. 1902లో క్వాన్ సెంగ్ పోయాక మళ్ళీ ఎవర్నీ వేయలేదు. పదవే తీసేశారు.

బ్రిటిష్ మనిషా అంటే, నా ఉద్దేశం ఇది. వాళ్ళకు అతను నిచ్చెన. ఎక్కాక తీసేశారు.

క్లాంగ్_రేవు
నిచ్చెనకు కూడా లాభం వచ్చింది కదా. చనిపోయేనాటికి ఆ ప్రాంతంలో అంత ధనికుడు లేడు.

లోహాల_లెక్క
ధనికుడు అన్నప్పుడు అప్పులు తీసేసి చెప్పాలి. ఆస్తి ఎక్కువ, బాకీలు కూడా ఎక్కువ. ఇళ్ళు, గనులు ఉన్నాయి, చేతిలో నగదు ఆడేది కాదు. ఆ రోజుల్లో గని యజమానులందరిదీ అదే తీరు.

మేదాన్_మూర్తి
నేను సుమత్రాలో మేదాన్‌లో కొన్నాళ్ళు పనిచేశా. ఇలాంటి మనిషి అక్కడా ఉన్నాడు, చోంగ్ ఆ ఫీ. అదే హక్కా జాతి, 1860లో పుట్టాడు, అన్న వెనకాల వచ్చాడు. డచ్చి ప్రభుత్వంలో లెఫ్టినెంట్, కెప్టెన్, 1911లో మేజర్ దాకా వెళ్ళాడు. 1921లో పోయాడు. కెసవాన్ వీధిలో అతని భవనం ఇప్పటికీ ఉంది, టికెట్టు కొని చూడొచ్చు. 1909లో పూర్తయిన మేదాన్ పెద్ద మసీదుకు భారీగా డబ్బిచ్చాడు. గాంగ్ బెంగ్‌కోక్ మసీదు కట్టించిందీ అతనే. చైనాలో స్వాటౌ నుంచి చావోజౌ దాకా రైలు మార్గానికి అన్నదమ్ములిద్దరూ పెట్టుబడి పెట్టారు. వీలునామాలో జాతి చూడకుండా పిల్లల చదువుకు సాయం చేయాలని రాశాడు.

అందుకే మేదాన్‌లో ముస్లింలు కూడా అతని పేరు మంచిగా చెప్తారు. యాప్ ఆ లోయ్‌కి అలాంటిది లేదు. చైనీయుల కోసం చేశాడు, చైనీయులే గుర్తుపెట్టుకున్నారు. సందు చిన్నదంటే కారణం అదేనేమో.

పాతకాగితాలు
మూర్తి గారూ, కాలం తేడా చూడండి. చోంగ్ ఆ ఫీ వచ్చేసరికి డెలిలో (మేదాన్ చుట్టుపక్కల ప్రాంతం) పొగాకు తోటలు, బ్యాంకులు, సుల్తానుకు స్థిరమైన ఆదాయం అన్నీ కుదురుకున్నాయి. యాప్ ఆ లోయ్ కాలమంతా తుపాకులతోనే గడిచింది. మసీదుకు చందా ఇచ్చే తీరిక ఎక్కడిది?

లష్కర్_యాదన్న
ఇద్దర్ల ఒక్కటి మాత్రం కలిసింది. డెలిల కూలీ పారిపోతే జైలుల పెట్టే చట్టం ఉండె, 1880ది. ఆ తోటల కూలీలకు సరుకు, నల్లమందు అమ్మి పైకొచ్చినోడే ఈ మేజర్ గారు కూడ. మసీదు గోడకు సున్నం ఎక్కడ్నుంచి వచ్చిందో అడుగరు ఎవ్వరు.

మేదాన్_మూర్తి
అది కాదనను. ఆ భవనంలో గైడు కూడా నల్లమందు గుత్త మాట చెప్పలేదు. పింగాణీ గురించి చాలా చెప్పాడు.

బెజవాడ_బుల్లోడు
యాదన్నకు ఏ భవనం చూపించినా సున్నం దగ్గర ఆగిపోతాడు.

లష్కర్_యాదన్న
మా తాత సున్నం బట్టీల పనిచేసిండు తమ్మీ. అలవాటు.

అచ్చన్న_బాగన్
ప్రసాదు గారికి ఒక సూచన. జలన్ తున్ హెచ్ ఎస్ లీ వీధిలో నడిచి చూడండి. సిన్ సే సీ యా గుడి చూసి అలాగే ముందుకెళ్తే మన శ్రీ మహామారియమ్మన్ గుడి. అది 1873లో మొదలైంది, అంటే యాప్ ఆ లోయ్ ఊరిని తిరిగి పట్టుకున్న ఏడాదే. ఆ స్థలానికి మారింది 1885లో, అతను పోయిన ఏడాది. పెట్టినవారు తంబుసామి పిళ్ళై. ఆయనా ఇలాంటి మనిషే. రెసిడెంటు వెంట గుమాస్తాగా వచ్చి, ఖజానాలో పనిచేసి, తర్వాత చైనీస్ వ్యాపారి లోక్ యూతో కలిసి రవాంగ్‌లో గని నడిపారు. బటు గుహల గుడి కూడా ఆయన హయాంలోదే. మన తెలుగువాళ్ళలో అప్పటికి అలాంటి పెద్ద ఎవరూ లేరు, మనవాళ్ళంతా తోటల్లో ఉన్నారు.

సరోజక్క
మారియమ్మన్ గుడికి వెళ్ళాను, చైనీస్ గుడికీ వెళ్ళాను. ఒకే వీధి అని గమనించలేదు చూడండి. ఆ ఎండకి.

పెటాలింగ్_ప్రసాదు
ఆదివారం వెళ్తా. ఇంకో చిన్న సందేహం. 1902లో పదవి తీసేశాక చైనీయుల తగాదాలు ఎవరు చూశారు?

పాతకాగితాలు
చైనీస్ ప్రొటెక్టరేట్ అని ప్రభుత్వ శాఖ. చైనీస్ నేర్చుకున్న ఇంగ్లీషు అధికారులు. సింగపూర్‌లో 1877లోనే మొదలైంది. ఆ తర్వాత రహస్య సంఘాలను నిషేధించారు. కపితాన్ చేసే పని గుమాస్తాలకు వెళ్ళింది, కపితాన్ సంపాదించే డబ్బు కొత్త గుత్తేదార్లకు వెళ్ళింది. వాళ్ళలో పెద్దవాడు అచ్చన్న గారు చెప్పిన లోక్ యూనే.

లష్కర్_యాదన్న
అంటే పెద్దమనిషి పోయిండు, పాట మాత్రం నడిచింది.

పాతకాగితాలు
మలయ్ రాష్ట్రాల్లో నల్లమందు గుత్తలు 1910 ప్రాంతంలో ఆపారు. ఆపి, ప్రభుత్వమే నేరుగా అమ్మింది.

లష్కర్_యాదన్న
ఓరి.

తెనాలి_కిట్టు
లోక్ యూ మీద ఎవరు టాపిక్ తెరుస్తున్నారు? విక్టోరియా ఇన్‌స్టిట్యూషన్ బడికి పిళ్ళై, లోక్ యూ ఇద్దరూ డబ్బిచ్చారని ఎక్కడో విన్నా.

వేదిక_కాపలా
అచ్చన్న గారూ, కంగాణీలది మీరు తెరవండి. లోక్ యూది పాతకాగితాలు. రెంటికీ ఇక్కణ్ణించి లింకు పెడతా. యాదన్నా, రెండు చోట్లా నువ్వుంటావని తెలుసు, ముందే చెప్తున్నా, పోస్టుకు ఒక్క సామెతే.